రాయలసీమ మెట్ట మండలంలో పెంపకపు ఎలుకలకు సురక్షితమైన పడక పదార్థాల ఎంపిక

ప్రస్తావన

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలలో ఎలుక అనగానే గాదెలో నష్టం, గట్లలో బొరియలు గుర్తుకు వస్తాయి. అయితే ఆ కుటుంబానికే చెందిన తెల్ల ఎలుకను వైద్య, ఫార్మసీ, జంతుశాస్త్ర విద్యాలయాలలో ప్రయోగాల కోసం శ్రద్ధగా పెంచుతారు. పట్టణాలలో కొన్ని కుటుంబాలు దీనిని పెంపుడు జంతువుగా సాకుతున్నాయి. సరీసృపాలను పోషించే జంతు ప్రదర్శనశాలలకు ఆహారంగా కూడా ఇది అవసరమవుతుంది. ప్రయోజనం ఏదైనా పెట్టెలో పరిచే పడక పదార్థమే ఆ జంతువుకు నేల, మరుగు, గూడు అన్నీ అవుతుంది.

కోళ్ల షెడ్లలో లిట్టరుగా ఊక పరచడం ఈ ప్రాంతపు రైతులకు చిరపరిచితం. అందువల్ల కోడికి సరిపడినది ఎలుకకు కూడా సరిపడుతుందన్న భావన బలంగా ఉన్నది. ఈ భావన పూర్తిగా సరైనది కాదు. ఎలుక తన పడకను కొరుకుతుంది, దానిలో గూడు కడుతుంది, దానికి అంగుళం ఎత్తులోనే ముక్కు ఉంచి శ్వాసిస్తుంది. పడకలోని దుమ్ము, ఆవిరి, బూజు, విషం నేరుగా దాని ఊపిరితిత్తులకు, కాలేయానికి చేరుతాయి. ప్రయోగశాలలో ఈ లోపం జంతువుకు హాని చేయడంతో ఆగక ప్రయోగ ఫలితాన్నే తారుమారు చేస్తుంది. ఈ జిల్లాలలో లభించే పదార్థాల గుణదోషాలను, వాటిని పరీక్షించి శుద్ధి చేసే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఎలుక శరీరధర్మం, పడక పాత్ర

ప్రయోగశాలల్లో పెంచే విస్టార్, స్ప్రేగ్ డాలీ రకాలు రాట్టస్ నార్వెజికస్ అనే జాతికి చెందినవి. ఈ జాతి ముక్కుతో మాత్రమే శ్వాసిస్తుంది. ముక్కులోని పొర దెబ్బతింటే నోటితో గాలి తీసుకొని బయటపడే అవకాశం దీనికి లేదు.

200 నుండి 250 గ్రాముల బరువు గల ఎలుక రోజుకు సుమారు 20 నుండి 30 మిల్లీలీటర్ల నీరు త్రాగి, 10 నుండి 15 మిల్లీలీటర్ల మూత్రం విసర్జిస్తుంది. పెట్టెలో నాలుగు ఎలుకలు ఉంటే మూడు రోజులలో 120 నుండి 180 మిల్లీలీటర్ల మూత్రం పడకలో చేరుతుంది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు యూరియేజ్ అనే ఎంజైము ద్వారా విడగొట్టగా అమోనియా వెలువడుతుంది. అమోనియా ముక్కు, శ్వాసనాళాల పొరలపై ఉండే సన్నని కేశికలను దెబ్బతీస్తుంది. అప్పటివరకు లక్షణాలు చూపకుండా దాగి ఉన్న మైకోప్లాస్మా పల్మోనిస్ అనే సూక్ష్మజీవి ఆ అదను చూసుకొని ఊపిరితిత్తులలోకి వ్యాపిస్తుంది. తుమ్ములు, శ్వాసలో గరగర శబ్దం, కళ్ళ చుట్టూ ఎర్రటి స్రావం దీని తొలి లక్షణాలు. ఆ ఎర్రటి స్రావాన్ని రక్తంగా పొరబడడం కద్దు. అది కంటి వెనుక గల హార్డేరియన్ గ్రంథి నుండి వచ్చే పార్ఫిరిన్ వర్ణద్రవ్యం. ఎలుక అస్వస్థతకు, ఒత్తిడికి ఇది సూచన.

కనుక మంచి పడక పదార్థానికి ఆరు లక్షణాలు అవసరం. అవి: మూత్రాన్ని పీల్చడం, దుమ్ము లేకపోవడం, ఘాటైన ఆవిరులు లేకపోవడం, అరికాళ్ళకు మెత్తగా ఉండడం, కొరికి మ్రింగినా విషం కాకపోవడం, గూడు కట్టుకోవడానికి వీలుగా ఉండడం. ఈ ఆరింటిలోను ముందువరుసలో నిలిచే పదార్థం స్థానికంగా ఒక్కటీ లేదు. అందుకే ఎంపిక, మిశ్రమం, శుద్ధి అవసరమవుతున్నాయి.

మెట్ట వాతావరణపు ప్రత్యేకత

ప్రయోగశాల జంతు సంరక్షణ మార్గదర్శకాల ప్రకారం ఎలుకకు 20 నుండి 26 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, 30 నుండి 70 శాతం గాలి తేమ అనుకూలం. కర్నూలు, కడపలలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం, మధ్యాహ్నం గాలి తేమ బాగా పడిపోవడం సర్వసాధారణం. ఎలుకకు మనిషివలె చెమట పట్టి ఒళ్ళు చల్లబడదు. తోక, పాదాల ద్వారానే అది అధిక వేడిని వదులుకొంటుంది. లోతుగా పరచిన పడక వేసవిలో ఈ వేడిని బయటకు పోనివ్వదు.

పొడిగాలి వల్ల మరొక నష్టం ఉన్నది. గాలి తేమ 40 శాతం కన్నా తగ్గినప్పుడు పాలు త్రాగే పిల్లల తోకలపై ఉంగరాల వంటి నొక్కులు ఏర్పడి, రక్తప్రసరణ ఆగి, తోక చివర ఎండి రాలిపోతుంది. దీనిని రింగ్ టెయిల్ వ్యాధి అంటారు. తీగజాలీ నేలపై పెంచిన పిల్లలలో ఇది ఎక్కువ. గట్టి నేలపై గూడు కట్టుకోవడానికి చాలినంత పడక ఉన్నచోట తల్లి, పిల్లలు కలిసి గూటిలో తేమను నిలుపుకోగలవు. అయితే తేమను అతిగా పీల్చే పదార్థం నేరుగా పిల్లల ఒంటికి తగిలితే వాటి చర్మం నుండి కూడా తేమను లాగివేస్తుంది. ఈనిన తల్లి పెట్టెలో అడుగున పీల్చే పదార్థం, పైన మెత్తని గూటి పదార్థం ఉండవలసిన కారణం ఇదే.

వేసవిలో కూలర్లు వాడే గదులలో పరిస్థితి మారుతుంది. గదిలో తేమ పెరిగి పిల్లల తోకలకు మేలు కలుగుతుంది, కాని తడిసిన పడకలో సూక్ష్మజీవులు చురుకై అమోనియా పెరుగుతుంది. కూలరు వాడే రోజులలో పడక మార్పిడి గడువును తగ్గించుకోవాలి.

స్థానిక పదార్థాల గుణదోషాలు

వరి ఊక: కె.సి. కాలువ ఆయకట్టులోను, నంద్యాల ప్రాంతపు బియ్యం మిల్లుల వద్ద ఊక విరివిగా లభిస్తుంది. వడ్ల బరువులో సుమారు ఐదవ వంతు ఊకే. చవకగా, విషరహితంగా, పొడిగా దొరకడం దీని బలం. కాని ఊక పై పొరలో సిలికా అధికంగా ఉండడం వల్ల అది మూత్రాన్ని తక్కువగా పీలుస్తుంది. దాని మొనలు గరుకుగా ఉండి అరికాళ్ళను, కళ్ళను గాయపరుస్తాయి. రబ్బరు రోలర్ల మిల్లు నుండి వచ్చే ఊక గింజ ఆకారంలోనే రెండు దొప్పలుగా ఉంటుంది. పాత హల్లరు మిల్లు ఊక ముక్కలై, నూకతోను తవుడుతోను కలిసి ఉంటుంది. తవుడు కలిసిన ఊక దుమ్ము రేపుతుంది, పురుగును ఆకర్షిస్తుంది, బూజు పడుతుంది. కనుక రబ్బరు రోలర్ల మిల్లు ఊకనే ఎన్నుకొని జల్లెడ పట్టాలి.

వేరుశనగ తొక్క: కర్నూలు వైపు బుడ్డలుగా, కడప వైపు శెనక్కాయలుగా పిలిచే ఈ పంట తొక్క ఊక కన్నా మెత్తనిది, ఎక్కువగా పీలుస్తుంది. కోళ్ల షెడ్లలో దీని వాడకం పాతదే. అయితే ఎలుకల విషయంలో ఇది అత్యంత జాగ్రత్తతో చూడవలసిన పదార్థం. కాయ ఊరే దశలో బెట్ట వచ్చినప్పుడు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం కాయలోకి ప్రవేశించి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. పంట చివరి దశలో బెట్ట రాయలసీమకు కొత్త కాదు. పైగా కాయలు కొట్టే యంత్రంలో గింజ పగలకుండా కాయలపై ముందుగా నీరు చల్లుతారు. ఆ తడి తొక్కలోనే మిగిలి, కుప్పలో బూజుకు దోహదం చేస్తుంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోగా, కారణం దాణాలోని వేరుశనగ పిండి అని తేలింది. అఫ్లాటాక్సిన్‌ను గుర్తించడానికి దారితీసిన సంఘటన ఇదే. ఎలుకలలో ఈ విషం కాలేయ క్యాన్సరును కలిగించగలదు. తొక్కలో మిగిలిన ముడుచుకుపోయిన గింజలను ఎలుక వెదికి మరీ తింటుంది. కోడి లిట్టరులో చెల్లిపోయే లోపం ఎలుక పెట్టెలో ప్రాణాంతకం కావడానికి కారణం ఇదే. ఆవిరి శుద్ధి బూజును చంపుతుందే గాని అఫ్లాటాక్సిన్‌ను పూర్తిగా నశింపజేయదు. అందువల్ల ప్రయోగశాల ఎలుకలకు, సంతానోత్పత్తికి ఉంచిన ఎలుకలకు వేరుశనగ తొక్కను వాడకపోవడమే క్షేమం.

రంపపు పొట్టు, చిత్రిక పొట్టు: టింబర్ డిపోలలో లభించే రంపపు పొట్టు సన్నని ధూళితో కూడినది. కఠిన దారువుల ధూళిని మనుషులలో క్యాన్సరు కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. చిత్రిక పొట్టు పెద్ద రేకులుగా ఉండి తక్కువ దుమ్ముతో మెత్తగా ఉంటుంది. కాని అది ఏ కలపది అన్నది ముఖ్యం. దేవదారు వర్గపు, పైన్ కలపలలోని సుగంధ ఆవిరులు ఎలుక కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములను పెంచుతాయని 1967లో వెసెల్ అనే శాస్త్రవేత్త సైన్స్ పత్రికలో ప్రకటించాడు. అట్టి పడకపై ఉంచిన జంతువులలో నిద్రమందు ప్రభావం త్వరగా తగ్గిపోయింది.

ఈ విషయం స్థానిక పరిశోధనకు నేరుగా వర్తిస్తుంది. నేల ఉసిరి, నేలవేము వంటి మొక్కల సారాలకు కాలేయ రక్షణ గుణం ఉన్నదా అని పరీక్షించే విద్యార్థి, పారాసెటమాల్ వంటి మందుతో ఎలుక కాలేయాన్ని దెబ్బతీసి, తరువాత సారం ప్రభావాన్ని కొలుస్తాడు. పారాసెటమాల్ విషంగా మారడం కాలేయ ఎంజైముల ద్వారానే జరుగుతుంది. పడక కలపే ఆ ఎంజైములను మార్చివేస్తే, కొలత మొక్కదా, కలపదా అన్నది తేలదు. ఒక బృందానికి ఒక డిపో పొట్టు, మరొక బృందానికి మరొక డిపో పొట్టు వాడితే ఆ ప్రయోగమంతా వృథా.

సరుగుతున్న కలప ఒకే రకం అని తెలిసినప్పుడే, ఘాటైన వాసన లేనప్పుడే చిత్రిక పొట్టును తీసుకోవాలి. దేవదారు, పైన్, వాసన గల జామాయిల్ కలపల పొట్టు పనికిరాదు. ప్యాకింగ్ పెట్టెలు తరచుగా పైన్ కలపతో చేసినవే అయి ఉంటాయి. టేకు ధూళి కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది. ప్లైవుడ్, పొడి అదిమి చేసిన పలకల పొట్టులో ఫార్మాల్డిహైడ్ గల జిగురు ఉంటుంది. రంగు, వార్నిష్, చెదల మందు పూసిన కలప పొట్టును ఏ పరిస్థితిలోను వాడరాదు.

మొక్కజొన్న బెండు: గింజ ఒలిచిన తరువాత మిగిలే బెండును చిన్న రవ్వగా విరిచి వాడితే దుమ్ము తక్కువగా ఉంటుంది, అమోనియా అదుపులో ఉంటుంది. దీని లోపాలు రెండు. గూడు కట్టడానికి పనికిరాదు. బెండులోని కొన్ని సమ్మేళనాలు ఎలుకల సంతానోత్పత్తి ప్రవర్తనకు అంతరాయం కలిగిస్తాయని 2002లో మార్కవెరిచ్, అతని సహచరులు ప్రకటించారు. హార్మోనులకు, సంతానోత్పత్తికి సంబంధించిన ప్రయోగాలలోను, పిల్లల కోసం ఉంచిన జతలకు దీనిని వాడరాదు.

గడ్డి, చొప్ప: నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుండి వచ్చిన సూర్యనంది వంటి రకాల వల్ల కొర్ర ఈ ప్రాంతంలో సుపరిచితం. కొర్ర గడ్డి సన్నగా, మెత్తగా ఉంటుంది. కంకులలోని నూగు కళ్ళలో గుచ్చుకొంటుంది గనుక కంకులను పూర్తిగా తొలగించి, 3 నుండి 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి గూటి పదార్థంగా పైన వేయవచ్చు. ఇది మూత్రాన్ని అంతగా పీల్చదు గనుక ఒంటరిగా చాలదు. జొన్న చొప్ప అంచులు పదునైనవి. అది పడకకు తగదు.

పత్తి, గుడ్డ పేలికలు: ఆదోని జిన్నింగ్ మిల్లుల ప్రాంతంలో వ్యర్థ పత్తి సులభంగా లభిస్తుంది. మెత్తదనం చూసి దీనిని గూటికి వేయడం పొరపాటు. పొడవైన పోగులు పిల్లల కాళ్ళకు, వేళ్ళకు చుట్టుకొని రక్తప్రసరణను ఆపుతాయి. దారాలు ఊడే గుడ్డకు కూడా ఇదే దోషం ఉన్నది.

కాగితం: ముద్రణ లేని కాగితపు ముక్కలు మెత్తగా, దుమ్ము లేకుండా ఉంటాయి, గూటికి శ్రేష్ఠం. తడిసినప్పుడు ముద్దకట్టడం, వాసనను ఆపలేకపోవడం దీని లోపాలు. కార్యాలయపు చిత్తు కాగితంలో పిన్నులు, నున్నని పూత గల రసీదు కాగితాలు లేకుండా ఏరివేయాలి.

కంటికి కనిపించని ప్రమాదాలు

మిల్లు ఆవరణలో నెలల తరబడి ఆరుబయట ఉన్న ఊక కుప్ప అడవి ఎలుకలకు నివాసం. వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరా, వాటి ఒంటి నుండి పేలు, గోమార్లు, వాటి రెట్టల నుండి బద్దెపురుగుల గుడ్లు పెంపకపు ఎలుకలకు చేరుతాయి. లెప్టోస్పైరా పెంపకందారునికి కూడా సోకగలదు.

ఆ అడవి ఎలుకలను అదుపు చేయడానికి పెట్టే మందు మరింత ప్రమాదం. గోదాములలో 0.005 శాతం బ్రోమాడియోలోన్ బిళ్ళలు, 2 శాతం జింకు ఫాస్ఫైడ్ ఎర వాడుతారు. ఎరలోని చిన్న ముక్క ఊక సంచిలో కలిసినా చాలు. బ్రోమాడియోలోన్ రక్తం గడ్డకట్టనివ్వదు. తిన్న వెంటనే లక్షణాలు కనిపించవు. కొన్ని రోజులకు లోపలి రక్తస్రావంతో ఎలుక మరణిస్తుంది. అట్టి ఎలుకను ఆహారంగా ఇస్తే విషం దానిని తిన్న జంతువుకు సంక్రమించవచ్చు. అందువల్ల కొనే ముందు గోదాములో ఎలుకల మందు పెట్టారా, అల్యూమినియం ఫాస్ఫైడ్‌తో ధూపం వేశారా అని అడిగి తెలుసుకోవడం తప్పనిసరి. స్పష్టమైన సమాధానం రాని చోట కొనకపోవడమే మేలు.

సులభమైన పరీక్షలు

1. పీల్చే శక్తి: ఎండిన పదార్థం 100 గ్రాములు పలుచని గుడ్డ సంచిలో పోసి 5 నిమిషాలు నీటిలో ముంచి, 10 నిమిషాలు వేలాడదీసి తూచాలి. తడి సంచి బరువును మినహాయించాలి. ఉదాహరణకు 250 గ్రాములు తూగితే అది తన బరువుకు ఒకటిన్నర రెట్లు నీటిని పట్టినట్లు. 200 గ్రాముల పడక 300 మిల్లీలీటర్లు పట్టగలదన్నమాట. అయితే ఎలుకలు ఒకటి రెండు మూలలలోనే మూత్రం పోస్తాయి. పడకలో సగమే పనిచేస్తుందని లెక్క వేసుకోవాలి. అప్పుడు 150 మిల్లీలీటర్లే మిగులుతాయి. ముందు చెప్పిన నాలుగు ఎలుకలకు అది సుమారు మూడు రోజులకు సరి.

2. దుమ్ము: గాజు సీసాలో సగం వరకు పదార్థం పోసి, మూత బిగించి, పదిసార్లు ఊపి ఎండలో చూడాలి. మూత తీసి తెల్లని తడిగుడ్డను నోటిపై కప్పి తలకిందులుగా ఊపితే గుడ్డపై పడే మరక దుమ్ము పరిమాణాన్ని తెలుపుతుంది.

3. ఆవిరి: పిడికెడు పదార్థంపై కొద్దిగా నీరు చిలికి, మూతగల డబ్బాలో రెండు గంటలు ఎండలో ఉంచి మూత తీయాలి. కలప ఘాటు, జిగురు వాసన, మందు వాసన, ముక్క వాసన వీటిలో ఏది వచ్చినా ఆ సరకు పనికిరాదు. వాసన రానంత మాత్రాన విషం లేదని నిర్ధారించరాదు. అఫ్లాటాక్సిన్‌కు గాని, బ్రోమాడియోలోన్‌కు గాని ఈ పరీక్ష వర్తించదు.

4. స్పర్శ: ముంజేతి లోపలి వైపు రుద్ది చూడాలి. గీతలు పడితే అది పిల్లల పెట్టెకు తగదు.

శుద్ధి, నిల్వ

ఖరీఫ్ కోతలు ముగిసి వాతావరణం పొడిగా ఉన్న జనవరి, ఫిబ్రవరి నెలలలో కొత్త ఊకను కొనడం మంచిది. జల్లెడ పట్టి, చెరగి, పలుచగా పరచి ఎండబెట్టాలి. సంస్థలలో 121 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద ఆటోక్లేవులో ఆవిరి శుద్ధి చేయాలి. సంచి మధ్య భాగానికి వేడి ఆలస్యంగా చేరుతుంది కనుక చిన్న సంచులలో వదులుగా నింపాలి. శుద్ధి తరువాత పూర్తిగా ఆరిన మీదటనే వాడాలి. ఇళ్లలో వేసవి ఎండలో నల్లని పాలిథిన్ కింద పలుచగా పరచి కొన్ని రోజులు ఉంచితే పేలు, గోమార్లు చాలావరకు నశిస్తాయి. అయితే ఇది ఆటోక్లేవుకు సమానం కాదు. శుద్ధి చేసిన సరకును మూతగల డ్రమ్ములలో, నేలకు ఎత్తుగా చెక్కలపై ఉంచాలి. ప్రతి డ్రమ్ముపై మిల్లు, తేదీ వ్రాయాలి. ఒక ప్రయోగం మొదలు నుండి చివరి వరకు ఒకే సరకు వాడాలి.

వాడే విధానం

సాధారణ పెట్టెలో జల్లించిన ఊక లేదా తగిన చిత్రిక పొట్టును 2 నుండి 3 సెంటీమీటర్ల మందాన పరచి, పైన పిడికెడు కాగితపు ముక్కలు వేయాలి. ఊక ఒక్కటే వాడితే అది తక్కువ పీలుస్తుంది గనుక వారానికి మూడుసార్లు మార్చాలి. ఈనబోయే తల్లికి రెండు మూడు రోజుల ముందే పడక మార్చి, కాగితం ఎక్కువగా ఇవ్వాలి. గర్భకాలం 21 నుండి 23 రోజులు కనుక జత కట్టిన తేదీ వ్రాసుకొంటే ఇది సులభం. ఈనిన తరువాత తొలి రోజులలో గూటిని కదిలించకుండా తడిసిన మూలను మాత్రమే తీసివేయాలి. మార్చిన ప్రతిసారి పాత గూటి పదార్థం కొద్దిగా కొత్త పెట్టెలో ఉంచితే పరిచిత వాసన వల్ల ఎలుకలు నెమ్మదిస్తాయి.

వేసవిలో పెట్టెలో సగభాగానికే పడక పరచి, మిగిలిన సగంలో నున్నని కడప బండ లేదా బేతంచెర్ల బండ ముక్కను ఉంచడం ఉపయోగకరం. చల్లని బండపై పడుకొని ఎలుక వేడిని వదులుకొంటుంది. బండను కడిగి తిరిగి వాడవచ్చు.

వాడిన పడక

మందులు, రసాయనాలు ఇచ్చిన ఎలుకల పడకను నిబంధనల ప్రకారం ప్రత్యేకంగా సేకరించి నాశనం చేయాలి. దానిని పొలానికి చేర్చరాదు. పెంపుడు ఎలుకల పడకను పశువుల పేడతో కలిపి కంపోస్టు చేయవచ్చు. ఊక నిదానంగా కుళ్ళుతుంది, మూత్రంలోని నత్రజని ఆ క్రియను వేగిరపరుస్తుంది. పూర్తిగా మాగని పడకను ఆకుకూరల మడులకు వేయరాదు. పడక మార్చేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు ధరించాలి.

సారాంశం

కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల పరిస్థితులలో రబ్బరు రోలర్ల మిల్లు నుండి వచ్చిన, జల్లించి శుద్ధి చేసిన వరి ఊకపై ముద్రణ లేని కాగితపు గూటి పదార్థం వేయడం అందుబాటులో ఉన్న సురక్షిత పద్ధతి. ఏ కలపదో తెలిసిన, వాసన లేని చిత్రిక పొట్టు దీనికి ప్రత్యామ్నాయం. మొక్కజొన్న బెండును సంతానోత్పత్తికి సంబంధం లేని ఎలుకలకే పరిమితం చేయాలి. వేరుశనగ తొక్క, తెలియని కలప రంపపు పొట్టు, వ్యర్థ పత్తి వర్జనీయం. చవకగా దొరికిన సంచి ఎక్కడి నుండి వచ్చింది, అక్కడ ఏ మందు వాడారు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం లభించిన తరువాతనే దానిని ఎలుకల గదిలోకి తేవాలి.